గుడగుడలాడిన గీజర్, గార తీసిన మరమ్మతు దుకాణం: ఒక సమీక్ష

ధనుర్మాసంలో మా అత్తగారు తెల్లవారకముందే స్నానం ముగించి తిరుప్పావై చదువుకుంటారు కనుక, ఆ నెల రోజులూ మా ఇంట్లో గీజర్ నాలుగు గంటలకే వేస్తాం. గత డిసెంబరు చివరి వారంలో ఒక రోజు ఆమె నన్ను నిద్ర లేపి, స్నానాలగదిలో ఎవరో గులకరాళ్ళు దొర్లిస్తున్నట్లుగా చప్పుడు వస్తోందని చెప్పారు. వెళ్ళి చూస్తే గీజర్ లోపలి నుంచి గుడగుడమని, మధ్యమధ్య టప్పు టప్పుమని, పెద్ద గుండిగలో ఎసరు పొంగబోయే ముందు వచ్చే శబ్దం పదింతలైనట్లుగా వినిపించింది. ఆ చప్పుడుకు కారణం ఏమిటో, దానిని ఒక సంస్థ సేవా విభాగం ఎలా చూసిందో, మా కాలనీ మలుపులో ఉన్న చిన్న మరమ్మతు దుకాణం ఎలా చూసిందో, చివరకు ఎంత ఖర్చయిందో ఈ సమీక్షలో వివరంగా రాస్తున్నాను. హైదరాబాదు చుట్టుపక్కల బోరు నీళ్ళమీద ఆధారపడిన ఇళ్ళలో ఇదే చప్పుడు విని, ఇదే విధంగా కొత్త గీజర్ కొనడానికి సిద్ధపడుతున్నవారు చాలామంది ఉంటారని నాకు తెలుసు. వారి కోసమే ఇంత వివరంగా రాస్తున్నాను.

మాది నిజాంపేట వైపు ఒక అపార్ట్‌మెంట్. గీజర్ 25 లీటర్లది, నిలువుగా గోడకు తగిలించేది, 2,000 వాట్ల హీటింగ్ ఎలిమెంట్ ఉన్నది, లోపల గాజుపూత పూసిన ఉక్కు ట్యాంకు. కొని ఏడేళ్ళయింది. పేరున్న కంపెనీదే గాని, ఇక్కడ చెప్పబోయేది అన్ని కంపెనీల గీజర్లకూ వర్తిస్తుంది కనుక పేరుతో పని లేదు. మా భవనానికి నల్లా నీరు రోజు విడిచి రోజు వస్తుంది, మిగతాది బోరు, వేసవిలో ట్యాంకర్లు. మూడూ ఒకే సంపులో కలుస్తాయి. కుళాయిల మూతులమీద తెల్లటి పొర, బకెట్ల లోపల చేత్తో రుద్దినా పోని మరకలు, ఎంత రుద్దినా నురగ రాని సబ్బు, ఈ నీళ్ళు పోస్తే ఉడకనని మొరాయించే కందిపప్పు మాకు ఏళ్ళుగా అలవాటే. కాని ఆ పొరే గీజర్ లోపల కూడా గారగా కడుతూ ఉంటుందన్న సంగతిని, ముప్పై ఏళ్ళు జూనియర్ కళాశాలలో రసాయనశాస్త్రం బోధించిన నేను కూడా, చప్పుడు వినేవరకు పట్టించుకోలేదు. అందుకు బాధపడ్డాను.

మొదట కంపెనీ సేవా కేంద్రానికే ఫోన్ చేశాను. రెండో రోజున వచ్చిన సాంకేతిక ఉద్యోగి గీజర్ స్విచ్ వేయించి, అయిదు నిమిషాలు విని, అడుగు మూత కూడా విప్పకుండానే, "ఏడేళ్ళయింది మేడం, ట్యాంకు పోయినట్లే, కొత్తది తీసుకోవడమే మంచిది" అని తేల్చాడు. మార్పిడి పథకంలో కొత్తదానికి 11,500 రూపాయలని చెప్పి, రాక ఖర్చు కింద 450 తీసుకున్నాడు. ట్యాంకు పోయిందనడానికి ఆధారమేమిటని అడిగాను. చప్పుడే ఆధారమన్నాడు. ఆ జవాబు నన్ను తృప్తిపరచలేదు. ట్యాంకు తూట్లు పడితే అడుగున నీరు కారాలి, లేదా వేడినీళ్ళు తుప్పు రంగులో రావాలి. మా ఇంట్లో ఆ రెండూ లేవు.

ఎవరైనా సరే, మెకానిక్‌ను పిలిచేముందు చప్పుడు ఎప్పుడు వస్తోందో రెండు రోజులు గమనించాలని నా మనవి. కుళాయిని టక్కున కట్టినప్పుడు మాత్రమే గోడలో ధనామని మోగితే అది గొట్టాల్లో నీటి దెబ్బ, గీజర్‌కు సంబంధం లేదు. ఎవరూ నీళ్ళు వాడకపోయినా సన్నగా బుస వినిపిస్తే వాల్వు దగ్గరో, బిగింపు దగ్గరో కారుతోందేమో చూడాలి. మా ఇంట్లో స్విచ్ వేసిన వెంటనే ఏమీ లేదు. రెండు మూడు నిమిషాలకు చిటపటలు మొదలై, పది నిమిషాలకు గుడగుడగా ముదిరి, వేడిని అదుపుచేసే థర్మోస్టాట్ విద్యుత్తును ఆపగానే అర నిమిషంలో పూర్తిగా అణగిపోయేది. వేడి ఉన్నంతసేపే ఉండే చప్పుడు వేడిచేసే చోటనే పుడుతోందని అర్థం.

ఇంకొక పరీక్ష కూడా చేశాను. ఇరవై అయిదు లీటర్ల నీటిని 22 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు తేవడానికి సుమారు 1.1 యూనిట్ల విద్యుత్తు కావాలి, అంటే 2,000 వాట్ల ఎలిమెంట్‌కు దాదాపు ముప్పై మూడు నిమిషాలు. వంటింటి థర్మామీటరుతో, గడియారంతో చూస్తే మా గీజర్‌కు ముప్పై ఆరు నిమిషాలు పట్టింది. ఎలిమెంట్ తన పని తాను చేస్తూనే ఉందన్నమాట. గార పట్టిన గీజర్ కరెంటు బిల్లును రెట్టింపు చేస్తుందని చాలామంది చెబుతారు గాని, నీటిలో మునిగి ఉండే ఎలిమెంట్ విషయంలో ఆ మాట నిజం కాదు. అది తీసుకున్న విద్యుత్తంతా వేడిగా మారి, కాస్త ఆలస్యంగానైనా ఆ నీటిలోకే చేరాలి, పోవడానికి వేరే దారి లేదు. నష్టం వేరే చోట జరుగుతుంది. వేడి బయటికి పోవడానికి గార అడ్డుపడటంతో ఎలిమెంట్ ఉపరితలం ఉండవలసినదానికంటే ఎంతో ఎక్కువగా కాగుతుంది, ఆ కాగడంతో దాని తొడుగు పగులుతుంది, పగిలిన రోజున నీళ్ళు లోపలి తీగకు తగిలి షాక్ కొట్టే ప్రమాదం ఏర్పడుతుంది. థర్మోస్టాట్ గొట్టం చుట్టూ కూడా గార పేరుకుంటే అది నీటి వేడికి బదులు గార వేడిని చదివి, నీళ్ళు కాగకముందే విద్యుత్తును ఆపివేయవచ్చు.

చప్పుడు పుట్టే తీరు కూడా ఇక్కడే ఉంది. అన్నానికి ఎసరు పెట్టినప్పుడు నీళ్ళు మరగకముందే గిన్నె అడుగున చిన్న బుడగలు లేచి, పైనున్న చల్లటి నీరు తగలగానే చితికిపోతూ సన్నగా మోత పెట్టడం మనం రోజూ వింటాం. గార పొరలకు సందులు, చిల్లులు ఉంటాయి. వాటిలో చిక్కుకున్న కొద్దిపాటి నీరు, మిగతా ట్యాంకు 40 డిగ్రీల దగ్గర ఉండగానే, ఎలిమెంట్‌ను ఆనుకుని మరిగి ఆవిరి అవుతుంది. ఆ ఆవిరి బుడగ గార లోంచి తోసుకువచ్చి, చల్లటి నీటిలో ఒక్కసారిగా కూలిపోతుంది. అలాంటివి వేలకొద్దీ జరిగితే గుడగుడ. ట్యాంకు లోహం డప్పులా పనిచేసి దానిని ఇంకా పెంచుతుంది.

గార ఎక్కడిది అన్నదానికి జవాబు మన నేలలోనే ఉంది. ఈ ప్రాంతపు భూగర్భజలం గ్రానైటు రాతి పగుళ్ళలో నిలిచి ఉండే నీరు. రాతినుంచి, మట్టినుంచి కాల్షియం, మెగ్నీషియం అందులో కరిగి ఉంటాయి. కాల్షియం బైకార్బనేట్ రూపంలో ఉన్నంతవరకు కంటికి కనిపించదు. వేడి తగిలితే బొగ్గుపులుసు వాయువు వెళ్ళిపోయి, కాల్షియం కార్బనేట్, అంటే సున్నపురాయి పదార్థమే, గట్టిపడి మిగులుతుంది. చక్కెర వేడినీటిలో ఎక్కువగా కరుగుతుంది, ఇది వేడినీటిలో తక్కువగా కరుగుతుంది, అందుచేత ఎక్కడ ఎక్కువ వేడి ఉంటే అక్కడే అతుక్కుంటుంది. బొర్రా గుహల్లో పైకప్పునుంచి వేలాడే రాతి స్తంభాలు కూడా నీటిలోంచి అదే వాయువు తప్పుకోవడం వల్ల పుట్టినవే. అక్కడ వేల సంవత్సరాలు పట్టే పనిని మన గీజర్ వేడి తోడుగా కొన్ని నెలల్లో చేస్తుంది.

నీటి కాఠిన్యాన్ని, అంటే అందులో కరిగిన కాల్షియం, మెగ్నీషియం మోతాదును, చుక్కల పరీక్షతో చూశాను. ద్రాక్షరంగు నీలంగా మారేవరకు చుక్కలు వేసి లెక్కపెట్టే ఆ పరీక్ష పిల్లలచేత ప్రయోగశాలలో ఎన్నో ఏళ్ళు చేయించినదే. సంపు నీటిలో లీటరుకు 480 మిల్లీగ్రాములు వచ్చింది. తాగునీటికి సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 200 వరకు ఆమోదయోగ్యం, వేరే ఆధారం లేనప్పుడు 600 వరకు అనుమతిస్తారు. అంటే మా నీరు తాగడానికి నిషిద్ధమేమీ కాదు గాని గీజర్‌కు మాత్రం శత్రువు. ఏడాదికి 14,000 లీటర్లు కాగబెట్టి, లీటరుకు 20 మిల్లీగ్రాములే లోపల నిలిచాయనుకున్నా ఏడేళ్ళకు రెండు కిలోలకు దగ్గర పడుతుంది. ఈ లెక్క కాగితంమీద వేసుకున్నాక కొత్త గీజర్ ఆలోచన పూర్తిగా మానుకున్నాను.

ఇక అసలు సమీక్షించదలచిన సేవ. మా వీధి మలుపులో మిక్సీలు, గీజర్లు, మోటార్లు బాగుచేసే చిన్న దుకాణం ఉంది. యజమాని యాభై ఏళ్ళ వయసున్న మెకానిక్, సహాయానికి ఒక కుర్రవాడు. జనవరి మొదటి వారంలో వస్తానన్న రోజున రాలేదు, ముందుగా చెప్పనూ లేదు. మరునాడు ఉదయం పదకొండు గంటలకు వచ్చారు. గీజర్ వేయించి, చెవి ఆనించి, కింద అరచేయి పెట్టి చూసి, "మెషీన్ మంచిగనే ఉంది మేడం, ఇది సున్నం చప్పుడు, విప్పితే మీకే కనిపిస్తది" అన్నారు. విప్పడానికి, కడగడానికి 900 అవుతుందని, లోపల ఏదైనా మార్చవలసి వస్తే చూపించి, ధర చెప్పి, నేను సరేనన్నాకే మారుస్తామని ముందే చెప్పారు. ఈ ఒక్క పద్ధతికి నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

పని చేసిన క్రమం చెప్పుకోదగినది. ముందుగా స్విచ్‌తో సరిపెట్టకుండా పంపిణీ పెట్టెలో గీజర్ లైనును తెంచే ఎంసీబీ మీటను దించారు. ఆ తరువాత మీటరు పెట్టి తీగల్లో విద్యుత్తు లేదని నిర్ధారించుకున్నారు. చల్లనీటి కవాటం మూసి, గీజర్ కింద ఉన్న లోపలికి వచ్చే గొట్టం విప్పి, వేడినీటి కుళాయి తెరిచి ఉంచి, ట్యాంకును బకెట్లలోకి ఖాళీ చేశారు. చాలామంది వేడినీటి కుళాయి తిప్పితే ట్యాంకు ఖాళీ అయిపోతుందనుకుంటారు. నిజానికి వేడినీళ్ళు ట్యాంకు పైభాగంనుంచి వస్తాయి కనుక, చల్లనీరు లోపలికి రాకుండా ఆపితే కుళాయిలో ధార ఆగిపోతుందే గాని ట్యాంకు నిండుగానే ఉంటుంది. అడుగునుంచి విప్పితేనే నీరు దిగుతుంది. అలా దిగిన చివరి బకెట్ నీళ్ళు సున్నం కలిపిన నీళ్ళలా తెల్లగా ఉన్నాయి.

తీగలు విప్పేముందు ఆయన ఫోనులో ఫొటో తీసుకున్నారు. థర్మోస్టాట్ లాగి, ఎలిమెంట్‌ను ట్యాంకుకు పట్టి ఉంచే ఫ్లాంజ్ పలక నట్లు ఒక్కొక్కటిగా వదులు చేస్తూ, కింద వెడల్పాటి తొట్టి పట్టించారు. ఎలిమెంట్ బయటికి వచ్చినప్పుడు చూసిన దృశ్యాన్ని నేను మరిచిపోలేను. పుట్టమట్టి పట్టిన కర్రలాగా, లోహం ఎక్కడా కనిపించకుండా, వేలెడు మందాన గార. దానితో పాటు పెంకులు, రవ్వలు, బురదలాంటి ముద్ద జారిపడ్డాయి. ట్యాంకు అడుగున అవి ఎంతగా పేరుకున్నాయంటే ఎలిమెంట్ కింది వంపు పూర్తిగా వాటిలో పూడుకుపోయి ఉంది. మెకానిక్ ఆ వంపును చూపించి, చప్పుడంతా ఇక్కడినుంచే వస్తోందన్నారు. నేను పుస్తకంతో చెప్పేదానిని ఆయన వేలితో చూపించారు. తడి తడిగానే వంటింటి త్రాసులో తూచాను, 1 కిలో 900 గ్రాములు.

తరువాత వచ్చింది నాకు వారితో ఏకైక భేదాభిప్రాయం. సహాయకుడు సంచిలోంచి స్నానాలగది నేల కడిగే యాసిడ్ సీసా తీశాడు. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. గారను క్షణాల్లో కరిగిస్తుంది, నిజమే, కాని గాజుపూతలో చిన్న పగులున్నా దానివెంట ఉక్కును తింటుంది, బిగింపులను తింటుంది, ట్యాంకును తుప్పునుంచి కాపాడే మెగ్నీషియం కడ్డీ మిగిలి ఉంటే దానితో కలిసి హైడ్రోజన్ వాయువును విడుదల చేస్తుంది, గాలి ఆడని స్నానాలగదిలో దాని పొగ ఊపిరితిత్తులకు హాని. ఆ మాట చెప్పగానే పెద్దాయన వాదించకుండా సీసా లోపల పెట్టించారు. తొందరపని ఉన్నచోట అది వాడతామని ఒప్పుకున్నారు కూడా. ఆ నిజాయితీని గౌరవిస్తున్నాను గాని, అడగని ఇళ్ళలో అదే వాడతారన్న సంగతి ఈ సేవలో ఒక లోపంగా నమోదు చేయక తప్పదు. పిలిచేవారు ముందే గట్టిగా చెప్పాలి.

నేను కిరాణా కొట్టునుంచి 300 గ్రాముల నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ ఆమ్లం, తెప్పించాను. నాలుగు లీటర్ల గోరువెచ్చని నీటిలో కలిపి, విద్యుత్తు తగిలించే చివరలు తడవకుండా ఎలిమెంట్‌ను అందులో నిలబెట్టాం. బుసబుసమని నురగ వచ్చింది. అయితే 300 గ్రాముల సిట్రిక్ ఆమ్లం పూర్తిగా పనిచేసినా కరిగించేది సుమారు 235 గ్రాముల గారనే, మిగతాది చేత్తోనే రావాలి. ఆమ్లం పొరల మధ్యకు దిగి పట్టు వదిలించాక, మెకానిక్ చెక్క పుల్లతో తడుతూ పెంకులను ఊడదీశారు. సుత్తి గాని స్క్రూడ్రైవరు మొన గాని వాడలేదు, వాడితే రాగి తొడుగు గీసుకుపోయేది. ట్యాంకు లోపల కూడా గీకకుండా, అడుగునున్నది చేతికి అందినంత తీసి, పైనుంచి నీళ్ళు ధారగా వదిలి నాలుగైదు సార్లు కడిగారు. గోడలకు అతుక్కున్న పలుచని పొరను అలాగే వదిలేశారు. అది సరైన పని. ఆ పొర ఎలిమెంట్‌కు దూరం, దానివల్ల హాని లేదు, దానికోసం గాజుపూతను గీకితే తుప్పుకు దారి ఇచ్చినట్లే. మొత్తం గంటన్నర పట్టింది.

శుభ్రపడ్డ ఎలిమెంట్‌మీద ఒకచోట నల్లని మచ్చ ఉంది. మార్చమని ఆయన అనివుంటే వెంటనే మార్చేదాన్ని. ఆయన మీటరు పెట్టి చూశారు, 26 ఓమ్‌లకు పైన చూపింది. 230 వోల్టులమీద 2,000 వాట్లు తీసుకునే ఎలిమెంట్‌కు ఉండవలసింది అంతే. తొడుగుకు, లోపలి తీగకు మధ్య విద్యుత్తు కారుతోందేమోనని మెగ్గర్‌తో కూడా పరీక్షించి, బాగానే ఉందని, మచ్చ వచ్చే ఏడాది మళ్ళీ చూద్దామని చెప్పారు. అమ్ముకోగలిగిన వస్తువును అవసరం లేదని చెప్పి అమ్మకుండా వదిలేసిన మరమ్మతుదారుడిని చాలా రోజుల తరువాత చూశాను.

మార్చవలసినవి మాత్రం రెండు బయటపడ్డాయి, ఆ రెండూ చప్పుడుకంటే ముఖ్యమైనవి. మొదటిది మెగ్నీషియం కడ్డీ. ఉక్కు ట్యాంకును తుప్పునుంచి కాపాడటానికి దీనిని పెడతారు, ఉక్కుకు బదులు తానే కరిగిపోవడం దీని పని. మాది పూర్తిగా కరిగి, మధ్యలోని సన్నని ఇనుప తీగ మాత్రమే మిగిలింది. ఏడేళ్ళలో ఏ ఒక్క సేవాకర్తా దీని పేరెత్తలేదు. మా బోరు నీటికి రెండేళ్ళకొకసారి దీనిని చూడాలని నాకు ఇప్పుడు తెలిసింది. ట్యాంకులో ఒక అతుకు దగ్గర రూపాయి బిళ్ళంత తుప్పు కనిపించింది, ఇంకో ఏడాది గడిచివుంటే కంపెనీ ఉద్యోగి చెప్పిన జోస్యం నిజమై ఉండేది. దుకాణంలో సరిపోయే కడ్డీ లేక మరునాడు తెచ్చి బిగించారు.

రెండవది నన్ను భయపెట్టింది. చల్లనీటి గొట్టం దగ్గర ఉండే రక్షణ వాల్వు మూతికి ఎవరో మరమేకు బిగించి మూసేశారు. గుర్తు తెచ్చుకుంటే, రెండేళ్ళ క్రితం ఆ వాల్వునుంచి చుక్కలు పడుతున్నాయని పిలిచినప్పుడు వచ్చిన ఒక సేవాకర్త అయిదు నిమిషాల్లో "సరిచేసి" వెళ్ళాడు. ఆ చుక్కలు లోపం కావు. నీటిని 20 నుంచి 60 డిగ్రీలకు వేడిచేస్తే ఒకటిన్నర శాతం వ్యాకోచిస్తుంది, అంటే ఇరవై అయిదు లీటర్లకు దాదాపు గ్లాసున్నర నీరు అదనమవుతుంది. వెనక్కి పోనివ్వని వాల్వు ఉన్న గీజర్‌లో ఆ అదనానికి బయటికి దారి ఆ రక్షణ వాల్వు ఒక్కటే. దానిని మూసేస్తే ప్రతిరోజూ ట్యాంకు, అతుకులు ఆ ఒత్తిడిని భరించాలి. ఇక ఏ రోజైనా థర్మోస్టాట్ విద్యుత్తును ఆపకుండా, వేడి మితిమీరితే విద్యుత్తును తెంచడానికి దాని వెనకనున్న కటౌట్ కూడా పనిచేయకుండా పోతే ఆవిరి పోవడానికి దారే ఉండదు. గీజర్లు పేలిన వార్తలు చదివినప్పుడు ఈ మరమేకు గుర్తుకు వస్తోంది. చదివేవారు దయచేసి ఈ రోజే తమ గీజర్ కింద టార్చి వేసి చూడండి. వాల్వు మూతి తెరిచి ఉండాలి, దానికి పెట్టిన సన్నగొట్టం కిందికి వేలాడుతూ ఉండాలి, వేడెక్కేటప్పుడు కొన్ని చుక్కలు పడితే ఆందోళన అక్కరలేదు. ఎప్పుడూ ఆగకుండా కారుతుంటే మాత్రం వాల్వు మార్చాలి, మూయకూడదు.

శుభ్రానికి 900, కడ్డీకి 550, వాల్వుకు 380, ఫ్లాంజ్ దగ్గర నీరు కారకుండా వేసే గాస్కెట్‌కు 120, మొత్తం 1,950 రూపాయలు. రాక ఖర్చు విడిగా తీసుకోలేదు. బిల్లు అడిగితేనే రాసిచ్చారు, అందులో వాల్వు ఏ ఒత్తిడికి సరిపోతుందో రాయలేదు, నేను అడిగి 8 బార్ అని రాయించుకున్నాను. ఎత్తైన భవనాల్లో కింది అంతస్తులవారికి ఇది అవసరమైన వివరం. మొదట పాత గాస్కెట్‌నే తిరిగి బిగించారు, ఆ సాయంత్రమే అడుగున చెమ్మ కనిపించింది, ఫోన్ చేయగానే మరునాడు కడ్డీతో పాటు కొత్త గాస్కెట్ తెచ్చి వేశారు, శ్రమకు అదనంగా అడగలేదు. విప్పిన ప్రతిసారీ గాస్కెట్ మార్చాలన్నది వారికి తెలియని సంగతి కాదు కనుక ఇది తప్పించుకోదగిన పొరపాటు. స్నానాలగది నేలమీద మిగిలిన సున్నపు బురదను జాలీలోకి కడిగేయబోతే నేను ఆపి, బకెట్‌లోకి ఎత్తించాను. అది గొట్టంలో గట్టిపడితే ఇంకొక మరమ్మతు.

ఫలితం గురించి ఉన్నదున్నట్లు చెబుతాను. గుడగుడ పోయింది. చెవి ఆనిస్తే సన్నని మోత వినిపిస్తుంది, అది ఏ గీజర్‌లోనైనా ఉండేదే. ముప్పై ఆరు నిమిషాలు ముప్పై నాలుగయింది. రెండు బకెట్లకు మించి వేడినీళ్ళు వస్తున్నాయని మా అత్తగారు అన్నారు, గార ఆక్రమించిన చోటు తిరిగి నీటికి దక్కింది కదా. కరెంటు బిల్లులో చెప్పుకోదగిన తేడా లేదు, వస్తుందని నేను అనుకోనూ లేదు.

థర్మోస్టాట్‌ను 75 నుంచి 55కు తగ్గించాం, వేడి తగ్గితే గార కట్టే వేగం తగ్గుతుంది. అయితే గోరువెచ్చగా నిలవ ఉన్న నీటిలో హానికర సూక్ష్మజీవులు పెరిగే వీలుంది కనుక వారానికొకసారి 60 దాటించి కాగనిస్తున్నాం. మూడు నెలలకొకసారి అడుగునుంచి ఒకటి రెండు బకెట్లు వదిలేస్తున్నాం. ఈలోగా మా అపార్ట్‌మెంట్‌కు కాఠిన్యం తగ్గించే యంత్రాలు అమ్మేవారు వచ్చారు. ఉప్పుతో పనిచేసే రెసిన్ యంత్రం నిజంగా పనిచేస్తుంది. అది కాల్షియాన్ని పట్టుకుని సోడియాన్ని వదులుతుంది, లీటరుకు 100 మిల్లీగ్రాముల కాఠిన్యం తగ్గించడానికి దాదాపు 46 మిల్లీగ్రాముల సోడియం నీటిలో చేరుతుంది. రక్తపోటు ఉన్నవారి ఇళ్ళలో తాగే నీటి గొట్టం వేరుగా ఉంచాలి. నీటిలో కరిగిన లవణాల మొత్తాన్ని చూపే టీడీఎస్ మీటరు చూపించి యంత్రం పనితనాన్ని నిరూపిస్తామనేవారి మాట మాత్రం నమ్మవద్దు, ఎందుకంటే రెసిన్ యంత్రం తరువాత టీడీఎస్ తగ్గదు, ఆ మీటరు కాఠిన్యాన్ని విడిగా చూపించలేదు. షవర్‌కు తగిలించే చిన్న ఫిల్టర్లు కాఠిన్యాన్ని తీసివేయవు.

మా అమ్మాయి ఇంగ్లండులో రెడింగ్ పట్టణంలో ఉంటుంది. సుద్దరాతి నేలనుంచి వచ్చే అక్కడి నీటికి కూడా కాఠిన్యం ఎక్కువే, ఇంటిని, స్నానపు నీటిని వేడిచేసే వాళ్ళ గ్యాస్ బాయిలర్ కూడా పోయిన చలికాలం కెటిల్‌లా మోగింది. అక్కడున్న తెలుగువారు నా అనుభవాన్ని నేరుగా వాడుకోకండి. అక్కడి బాయిలర్‌లో గదులను వెచ్చబరిచే రేడియేటర్లకు తిరిగే నీరు మూసిన వలయంలోనే తిరుగుతుంది కనుక చప్పుడుకు గారతో పాటు ఇనుప మడ్డి కూడా కారణం కావచ్చు, స్నానపు నీటిని వేడిచేసే పలకల్లో పేరుకునేది గార. అన్నిటికన్నా ముఖ్యంగా, గ్యాస్ ఉన్న యంత్రాన్ని అక్కడ గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో నమోదైన ఇంజనీరు తప్ప ఎవరూ విప్పకూడదు.

అడుగున నీరు కారుతున్న గీజర్‌కు, ఎర్రటి నీళ్ళు వస్తున్న గీజర్‌కు ఈ సేవ పనికిరాదు, వాటికి కొత్తదే శరణ్యం. కేవలం చప్పుడు చేస్తున్న గీజర్‌కైతే మా వీధి దుకాణానికి నేను అయిదుకు నాలుగు ఇస్తాను. తగ్గించిన ఒకటి యాసిడ్ సీసాకు, పాత గాస్కెట్‌కు.

దసరా సెలవుల్లో, అంటే తొమ్మిది నెలల తరువాత, పరీక్ష కోసం అదే మెకానిక్‌చేత మళ్ళీ విప్పించాను. ఈసారి ఆయన చెప్పిన సమయానికే వచ్చారు, గాస్కెట్, నిమ్మ ఉప్పు తనే తెచ్చారు. ఎలిమెంట్‌మీద గోటితో గీస్తే రాలే పలుచని పొర, అడుగున 210 గ్రాముల రవ్వలు. నల్లని మచ్చ పెరగలేదు. మెగ్నీషియం కడ్డీ మూడోవంతు కరిగింది. గాస్కెట్‌తో కలిపి 600 తీసుకుని, విప్పిన తేదీని గీజర్ పక్క గోడమీద పెన్సిలుతో రాసి వెళ్ళారు.